ఏడో అంకె దగ్గర ఆగిన ఏసురత్నం గారు

ఏసురత్నం గారు ప్రభువునందు నిద్రించారన్న వార్త సోమవారం ఉదయం ఏడున్నరకు మా కాలేజీ సిబ్బంది వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి పైన ఉన్న సందేశం ఆయన పెట్టినదే: "సర్వర్ గదిలో ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కింద పెట్టిన బకెట్ దయచేసి ఎవరూ తీయొద్దు." బకెట్టూ మరణవార్తా ఒకదాని కింద ఒకటి కనిపిస్తే మనసు రెండోదాన్ని ఒప్పుకోలేదు. వేరే ఎవరో ఏసురత్నం గారై ఉంటారనుకున్నాను. నిర్ధారించుకోకుండా ఇలాంటివి పెట్టవద్దని గ్రూపులోనే గట్టిగా మందలించాను కూడా. పది నిమిషాలకు ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందనీ, ఆళ్ళగడ్డలో ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయిందనీ, వార్త నిజమేననీ చెప్పారు. నాతో మాటకు మాట నిలబడినవాళ్ళు మా కాలేజీలో ఒక్కరే ఉండేవారు. ఆ ఉదయం వాదించడానికి ఎదుట ఎవరూ లేరు.

అదే సాయంత్రం ఆళ్ళగడ్డ చర్చిలో ఆరాధన జరిగింది. గాయక బృందంలో ఆయన పక్కన నిలబడి ముప్పై ఏళ్ళు పాడిన పెద్దాయన పాట సగంలోనే ఆపి కూర్చుండిపోయారు. మా కాలేజీ తరఫున లేచినవారు మాత్రం సౌమ్యులు, మితభాషి, కంప్యూటర్లు చక్కగా బాగుచేసేవారు అని మూడు ముక్కల్లో ముగించారు. సౌమ్యులన్నది నిజం. మితభాషి అన్నది శుద్ధ అబద్ధం. నాతో ఆయన చేసిన వాదాలన్నీ గుదిగుచ్చితే ఉద్గ్రంథమవుతుంది. ఇక బాగుచేయడమంటారా, యంత్రం చెడకముందే, అది మారితే ఎవరి పని ఆగిపోతుందో వెతుక్కుంటూ వెళ్ళి అడిగి తెలుసుకునేవారు. ఆ పనికి మా కాలేజీలో పేరు లేదు. పేరు లేని పనిని శ్రద్ధాంజలిలో చెప్పడం ఎవరికీ చేతకాలేదు. నాకు చేతనవుతుందో లేదో తెలియదు గానీ, ఊరుకోవడం మాత్రం చేతకాదు.

ఆయన తండ్రి ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో మిషన్ బడి అయ్యవారు. ఏసురత్నం గారు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి నంద్యాలలో మా ఇంజనీరింగ్ కాలేజీకి టెక్నీషియన్‌గా వచ్చారు. కాగితాల మీద హోదా చివరిదాకా అదే. విద్యార్థులకూ నాకూ మాత్రం సార్. రోజూ ఆళ్ళగడ్డ బస్సులో వచ్చి, అందరికంటే ముందు సర్వర్ గది తాళం తీసేవారు. నేను అహోబిలం పిల్లను. మా నాయన స్వామి కైంకర్యంలో ఉన్న పండితుడు. మా ఇంట్లో అన్నం ముద్దతోపాటు పూర్వపక్షం కూడా వడ్డించేవారు. ఎంసీఏ చదివి కంప్యూటర్ విభాగంలో లెక్చరర్‌గా చేరిన మొదటి వారంలోనే సార్‌తో తగువు పెట్టుకున్నాను.

తగువు ఒక వర్చువల్ మిషన్ గురించి. విషయం ఎరుగని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. మా గదిలో ఉన్న పెద్ద సర్వర్ ఒకటే. దాని లోపల ఇరవై వర్చువల్ మిషన్లు నడుస్తుంటాయి. ప్రతిదీ తనకొక సొంత యంత్రం ఉందనుకుని బతుకుతుంది. మొదలయ్యేటప్పుడే దానికొక జాబితా చూపిస్తారు: నీ ప్రాసెసర్ ఫలానా తరానిది, దానికి ఈ ఈ విద్యలు వచ్చు అని. ఆ జాబితానే సీపీయూ మోడల్ అంటారు. జాబితాలో చూపిన విద్యలన్నీ కింద ఉన్న అసలు ప్రాసెసర్‌కు తెలిసి ఉండాలి. అసలుకు తెలిసినవన్నీ మాత్రం జాబితాలో చూపించనక్కరలేదు. ఏది చూపాలి, ఏది దాచాలి అన్నదే సార్ చేతిలో ఉన్న అధికారం.

నా మిషన్‌కు ఉన్నవన్నీ చూపించమని నేను పట్టుబట్టాను. ఉన్నదాన్ని దాచడం అసత్యమనీ, అసత్యం మీద శాస్త్రం నిలవదనీ నాయన గొంతుతో వాదించాను. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, నా వాదమంతా విన్నారు.

"ఈ మిషన్ ఈడ్నే శాశ్వతంగా ఉంటాదా మేడమ్? రేపు ఇంగోదానికి పోవల్ల. ఆడ లేని విద్య ఈడ అలవాటు చేస్తే, ఆడికి పోయినాక యాడ తెచ్చేది?"

నాకు కావలసిన జవాబు కాదది. కానీ ఆలోచిస్తే, ఆయన చెప్పింది నిజమే. ప్రాసెసర్ తయారీదారులు ఏటా కొత్త విద్యలు చేర్చినట్టే, కొన్ని పాతవాటిని రాబోయే తరాల్లో తీసేస్తామని ముందుగా చెబుతారు. డిప్రికేటెడ్ అని ముద్ర వేస్తారు. సార్ వాటిని 'పోబోయేవి' అనేవారు. చెప్పిన రోజునే అవి మాయం కావు. యథాప్రకారం పనిచేస్తూనే ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది. పనిచేస్తున్నదాన్ని ఎవరు మానుకుంటారు? అందుకని ఆయన పోబోయే విద్య ఇంకా యంత్రంలో ఉండగానే దాన్ని మిషన్ల జాబితాల నుంచి ఒక్కొక్కటే తీసేసేవారు. ఇప్పుడు అది లేకుండా నడిచిన మిషన్, రేపు అది నిజంగా లేని యంత్రం మీదికి కూడా నిశ్చింతగా వెళుతుంది. కొన్ని ప్రోగ్రాములు బుద్ధిగా ముందు ప్రాసెసర్‌ను అడుగుతాయి, ఈ విద్య వచ్చా అని. రాదంటే మరో పద్ధతిలో పని చేసుకుంటాయి. కొన్ని అడగవు. ఉందని నమ్మి చెయ్యి చాస్తాయి. అలాంటివి ఆ క్షణమే కూలిపోతాయి. ఏ ప్రోగ్రాము ఏ రకమో బయటికి తెలియదు.

అందుకే ఆయన ప్రకటనలు పెట్టారు. వాళ్ళ చర్చిలో పెళ్ళి కుదిరితే, వరుసగా మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని అడుగుతారు. సార్ ఆ ఆచారాన్ని తెచ్చి సర్వర్ గదిలో ప్రతిష్ఠించారు. ఒక విద్యను తీసేయాలంటే మూడు సోమవారాలు నోటీసు బోర్డు మీద కాగితం అంటించి, తాను స్వయంగా ప్రతి విభాగానికీ వెళ్ళి చదివేవారు. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. వధువు ఎవరు సార్ అని అడిగాను. ఇది పెండ్లి గాదు, సాగనంపేది, అయినా అడగల్ల గదా అన్నారు. మూడుసార్లు ఎందుకు, ఒకసారి చెబితే చదువుకున్నవాళ్ళకు అర్థం కాదా అని ఎత్తిపొడిచాను. అప్పుడు ఆయన చెప్పిన మాట మా విభాగంలో చాలామందికి కంఠస్థం.

"మొదటి వారం ఎవురూ ఇనరు. రెండో వారం ఇంటారు, మర్చిపోతారు. మూడో వారానికి ఊరికి పోయినోళ్ళు వచ్చింటారు."

అభ్యంతరం ఎంత విచిత్రమైనదైనా ఆయన కొట్టిపారేయడం నేను చూడలేదు. ఒకసారి మా లైబ్రేరియన్ గారు తనకు అభ్యంతరం ఉందన్నారు. ఏమి అభ్యంతరమన్నా అని అడిగితే, అదేందో నాకేం తెలుసప్పా, అడిగితివి గాబట్టి చెప్తాండా అన్నారు. ఇంకెవరైనా అయితే నవ్వి వెళ్ళిపోయేవారు. సార్ లైబ్రరీ మిషన్‌కు ఒక నకలు తీసి, దానికి ఆ విద్య లేకుండా చేసి, మధ్యాహ్నమంతా పుస్తకాలు ఇచ్చినట్టూ తీసుకున్నట్టూ నడిపి చూసి, సాయంత్రం వెళ్ళి ఫలితం విన్నవించారు. అయితే ఇప్పుడు లేదులే పో అని లైబ్రేరియన్ గారు అనుమతి దయచేశారు. ఈ కథ స్టాఫ్ రూములో నేనే అభినయించి చూపించేదాన్ని. అందరూ నవ్వేవారు, సార్ కూడా. అన్ని ప్రకటనలు చేసిన మనిషి, తన విషయంలో మాత్రం ఒక్క సోమవారమైనా గడువివ్వకుండా వెళ్ళిపోవడం, ఆ నవ్వులన్నిటికీ బదులు తీర్చుకోవడమేమో అనిపిస్తుంది.

ఇక నా అపరాధం గురించి రాయాలి. అది రాయకపోతే ఈ వ్యాసం ఆ చర్చిలో ఉపన్యాసాల కంటే మెరుగు కాదు.

నిరుడు మా కాలేజీకి కొత్త సర్వర్ వచ్చింది. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేని విద్య ఒకటి ఉంది. నలుగురు గుమాస్తాలు ఒకే దస్త్రంలో రాయాలనుకోండి. మామూలుగా ఒకరు రాస్తుంటే మిగతావాళ్ళు వరుసలో ఆగాలి. ఈ విద్య తెలిసిన ప్రాసెసర్ నలుగురినీ ఒక్కసారే రాయనిస్తుంది. ఇద్దరి రాతలు ఒకేచోట తగులుకుంటే ఆ రాత చెరిపేసి, ఇక వరుసలో నిలబడండి అంటుంది. చూడ్డానికి ఎంత చమత్కారం. కానీ దాంట్లో లోపాలు బయటపడి, రహస్యాలు కారిపోయే సందులు కనిపించి, తయారీదారులే దాన్ని పోబోయేవాటిలో చేర్చారు. సార్ ఎప్పటిలాగే ప్రకటనలు మొదలుపెట్టారు. రెండు సోమవారాలు అయ్యాయి. అంతలో ఆయన భార్య సుగుణమ్మ గారికి కంటి ఆపరేషన్ పడి, వారం సెలవు పెట్టారు.

ఆ శుక్రవారం తనిఖీ బృందం రావలసి ఉంది. వాళ్ళు వచ్చేసరికి కొత్త సర్వర్ మీద అన్నీ నడుస్తూ ఉండాలని ప్రిన్సిపాల్ గారి ఆరాటం. సార్ వచ్చేదాకా ఆగుదామని ఒకరిద్దరు అన్నారు. ఆగనక్కరలేదు, నేను చేస్తానన్నాను. గురువారం ఉదయం అన్ని మిషన్ల జాబితాల్లో నుంచి ఆ విద్యను ఒక్క ఊపున తీసేసి, అన్నిటినీ ఆపి, కొత్త సర్వర్ మీద లేపాను. మధ్యాహ్న భోజనానికి ముందే పని పూర్తి. మూడు వారాల తంతు అవసరం లేదని నిరూపించినందుకు నాకెంత గర్వమంటే, ఒక్క అభ్యంతరం కూడా రాలేదని సార్‌కు సందేశం పెట్టాను. ఆయన జవాబు ఒకటే వాక్యం: "మూడో సోమవారం ఇంకా కాలేదు గదమ్మా."

మూడో సోమవారం మెహరున్నీసా వచ్చింది. సివిల్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్, నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. బండి ఆత్మకూరు వైపు పొలాల్లో పన్నెండు బావులు ఎంచుకుని, కాలువ నీళ్ళు ఉన్నప్పుడూ లేనప్పుడూ భూగర్భజలం ఎలా కదులుతుందో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ మూడు వారాలూ బావుల దగ్గరే ఉండి కొలతలు తీసుకుంది. ఆమె లెక్కల ప్రోగ్రాము ఒక్కో బావికి రెండు వారాల పైగా నడుస్తుంది. నాలుగు బావులు పూర్తయి, ఐదోది సగంలో ఉండగా నేను ఆపేశాను. కొత్త సర్వర్ మీద మళ్ళీ మొదలుపెట్టబోతే మొదటి క్షణంలోనే కూలిపోయింది. అది అడగకుండా చెయ్యి చాచే రకం. రాసిచ్చిన పరిశోధకుడు వేరే రాష్ట్రంలో ఎక్కడో ఉన్నాడు, ఫోన్ ఎత్తడు. ప్రోగ్రామును మనుషులు చదవగలిగే భాషలో రాసుకున్న మూలప్రతి ఎవరి దగ్గరా లేదు. థీసిస్ ఇచ్చేందుకు ఆమెకు మిగిలింది ఒక్క ఏడాది, అదే ఆఖరి గడువు. అది దాటితే ఎనిమిదేళ్ళ రిజిస్ట్రేషన్ రద్దు.

నేను ఆమెకు సీపీయూ మోడళ్ళ గురించి ఉపన్యాసం ఇచ్చాను. నోటీసు బోర్డు చూడకపోవడం ఎవరి తప్పు అని కూడా అన్నాను. ఆమె అంతా విని, "నన్ను అడగల్యా గదక్కా నువ్వు" అంది. అంతే. కోపంగా అన్నా బాగుండేది. కోపానికి నా దగ్గర జవాబులుంటాయి.

సార్ సెలవు నుంచి వచ్చి నన్ను ఒక్క మాట అనలేదు. తీసేయబోతున్న పాత సర్వర్‌కు మళ్ళీ తీగలు తగిలించి, మెహరున్నీసా మిషన్‌ను ఒక్కదాన్నే దాని మీదికి చేర్చి, జాబితాలో ఆ విద్యను తిరిగి పెట్టారు. అభ్యంతరం ఆలస్యంగా వచ్చినా అభ్యంతరమేనన్నారు. మధ్యలో ఆపినందుకు పాత ఫలితాలు చెడి ఉండవచ్చని, మొదటి బావి నుంచి మళ్ళీ నడిపించారు. అంతకు ముందు పూర్తయిన నాలుగు బావుల ఫలితాలను మాత్రం వేరే ఫోల్డరులో పెట్టారు. పనికిరానివని మీరే అంటున్నారు, ఎందుకీ చెత్త అన్నాను. ఉండనీ మేడమ్, అదేమన్నా మీ దోవకు అడ్డం పడతాండాదా అన్నారు. నిజానికి అడ్డమే పడుతోంది. చూసినప్పుడల్లా నా నిర్వాకం గుర్తుకొస్తోంది. చెరిపేయమని రెండుమూడుసార్లు అడిగాను. ఆయన చెరపలేదు. మెహరున్నీసాను క్షమించమని అడగాలన్న ఆలోచన మాత్రం నాకు అప్పటికింకా రాలేదు.

పాత సర్వర్ ముసలిది. నెలకోసారి తనంతట తానే ఆగిపోయేది. సార్ దాని పక్కనే కుర్చీ వేసుకుని సాకారు. ఆయన పోయేనాటికి తొమ్మిది బావులు పూర్తయ్యాయి, మూడు మిగిలాయి, గడువుకు ఐదు వారాలుంది. ఆయన్ని ఆళ్ళగడ్డలో సమాధి చేసిన మూడోరోజున ఆ యంత్రం ఆగింది. ఈసారి లేవలేదు. దాని విడిభాగాలు ఇప్పుడు ఎక్కడా దొరకవు. మెహరున్నీసా సర్వర్ గది గుమ్మంలో కూర్చుని, ఇంగ నా పని అయిపోయిందిలే అక్కా అంది. ఏడవలేదు. చెప్పులు చూసుకుంటూ కూర్చుంది.

పాస్‌వర్డుల కోసమని నేను సార్ సొరుగు తెరిచాను. అందులో ఒక పొడవాటి గీతల పుస్తకం ఉంది. ఏ మిషన్‌కు ఏ విద్య చూపించారో, ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో, అది ఎలా తీరిందో, ఇరవై ఏళ్ళ చరిత్ర అందమైన చేతిరాతలో ఉంది. లైబ్రేరియన్ గారి అభ్యంతరం కూడా గంభీరంగా నమోదైంది. చివరి పేజీలకు శీర్షిక: మెహరున్నీసా మేడమ్ ప్రోగ్రాము, రెండో దారి.

అక్కడే స్టూలు మీద కూర్చుని చదివాను. మూలప్రతి లేని ప్రోగ్రామును ఆయన యంత్రభాషలోనే, సూచన తరువాత సూచన, కొన్ని నెలలపాటు చదివారు. ఆ పోబోయే విద్యను అది పద్నాలుగు చోట్ల వాడుతోంది. ప్రతిచోటా, రాతలు తగులుకుంటే ఏం చేయాలో చెప్పే రెండో దారి ఒకటి అప్పటికే ప్రోగ్రాములో ఉంది. వరుసలో నిలబడే పాత పద్ధతి. ఆయన పద్నాలుగు చోట్లా మొదటి దారిని మూసి, నేరుగా రెండో దారిలోకి మళ్ళించారు. కొత్తగా ఏమీ రాయలేదు. ప్రోగ్రాముకు తెలిసిన పనినే ప్రోగ్రాము చేత చేయించారు. నెమ్మదిగా నడుస్తుంది, కానీ ఆ విద్య లేని కొత్త సర్వర్ మీద నడుస్తుంది. రెండు నెలలుగా, పాతదాని మీద పూర్తయిన బావులనే అక్కడ మళ్ళీ నడిపి, ఫలితాలు పక్కపక్కన పెట్టి పోలుస్తున్నారు. డిప్లొమా చదివిన టెక్నీషియన్ ఇది చేశాడంటే మా విభాగంలో పట్టాలు గోడలకు తగిలించుకున్నవాళ్ళం, నాతో సహా, ఏం చేస్తున్నట్టు?

ఎవరికీ ఎందుకు చెప్పలేదో ఆ కిందే ఉంది. మొదటి బావి, ఏడో అంకెలో తేడా. రెండో బావి, ఏడో అంకెలో తేడా. మూడోది, అంతే. చివరి పంక్తి: ఎందుకు? మా మేడమ్‌ను అడగల్ల.

మా మేడమ్ అంటే నేనే. ఆయన అడగబోయారు కూడా. పోయేముందు సాయంత్రం, ఆదివారం, ఫోన్ చేశారు. నేను అహోబిలంలో మా అన్న ఇంట్లో ఉన్నాను. "మేడమ్, కూడికలో ఒక అనుమానం" అని మొదలుపెట్టారు. ఆ మాట పూర్తి కానివ్వలేదు నేను. కూడిక తరువాత, ముందు ఆ ఏసీ మాట చెప్పండి, ఖరీదైన సర్వర్ల పక్కన బకెట్ పెట్టుకుని కూర్చోవడానికి మనకు సిగ్గులేదా అని ఐదు నిమిషాలు దంచాను. సరేలే మేడమ్, రేపు మాట్లాడుకుందాం అన్నారు. కూడిక అన్నారంటే కారణం అప్పటికే ఆయనకు అందిందా? అందీ నా నోట వినాలనుకున్నారా? లేక నిజంగానే తెలియక అడిగారా? ఈ మూడింటిలో ఏదో తెలుసుకోవాలన్న కుతూహలం నాకు ఈ జన్మకు తీరదు.

ప్రశ్న మాత్రం మిగిలింది. మెహరున్నీసా గైడు గారు ఫోన్‌లో స్పష్టంగా చెప్పారు: ప్రోగ్రామును మార్చాక ఫలితం ఏ అంకెలో మారినా, ఎందుకు మారిందో చెప్పనిదే ఒప్పుకోను. న్యాయమైన మాట. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను, ఇంకొంచెం కటువుగా.

రెండు రోజులు ఆ ఏడో అంకె తప్ప నాకు వేరే లోకం లేదు. కంప్యూటర్ ఒక సంఖ్యలో కొన్ని అంకెలే ఉంచుకుంటుంది, మిగిలినవి సవరించి వదిలేస్తుంది. పెద్ద సంఖ్యకు చిన్నవి ఒక్కొక్కటీ కలిపితే ఒక మొత్తం వస్తుంది. చిన్నవన్నీ ముందు కూడి ఆ తరువాత పెద్దదానికి కలిపితే, చివరి అంకెల దగ్గర, మరొకటి రావచ్చు. మెహరున్నీసా ప్రోగ్రాములో నలుగురు గుమాస్తాలు ఒకే మొత్తానికి కూడుతుంటారు. ఎవరు ముందు చేరతారో ఏ రోజుకు ఆ రోజే. అంటే తేడా సార్ చేసిన మార్పు వల్ల రాలేదు. కూడిక వరుస వల్ల వచ్చింది. అదే నిజమైతే, పాత ప్రోగ్రాము పాత యంత్రం మీద రెండుసార్లు నడిపినా తనతో తాను కలవకూడదు. కానీ రెండోసారి నడిపి చూపించడానికి పాత యంత్రం ఎక్కడిది?

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఫోల్డరు. నేను ఆపకముందు పూర్తయిన నాలుగు బావులు. అదే యంత్రం, అదే ప్రోగ్రాము, అవే కొలతలు. నా తెలివితక్కువ వల్ల అవే నాలుగు బావులు తరువాత మళ్ళీ మొదటి నుంచి నడిచాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని రుజువు అది. నేను చెరిపేయమన్నాను, ఆయన చెరపలేదు.

మెహరున్నీసాను పక్కన కూర్చోబెట్టుకుని రెండూ తెరిచాను. మొదటి బావి. ఆరు అంకెలు ఒకటే. ఏడోది వేరు. రెండో బావి చూశాం, మూడోది, నాలుగోది. ఆమె తెర దగ్గరికి వంగి వేలితో వరుసలు తడుముతూ చదివింది.

"అంటే పాతది గూడా దానికదే కలవల్యా?"

"కలవలేదు."

"మరి యాది కరెక్టక్కా?"

"ఆరు అంకెల వరకూ రెండూ. నువ్వు బావిలో వదిలే టేపు ఎన్నో అంకె దాకా కొలుస్తుందే?"

వారం తరువాత ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. టేపు మూడో అంకె దగ్గరే తడబడతాదక్కా అంది. అప్పుడు, ఆ నవ్వు ముగియకముందే, నిన్ను అడగకుండా ఆపినందుకు క్షమించమన్నాను. ఆమె తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా, సరేలే, ఇప్పుడు అడుగు, మిగతా మూడు బావులు యాడ నడిపేది అంది.

అడిగాను. ఆమె ఒప్పుకున్నాకే మూడు నకళ్ళు తీసి, కొత్త సర్వర్ మీద మూడు బావులనూ ఒక్కసారే రెండో దారిలో నడిపాం. గైడు గారికి పోలికల పట్టికలు పంపాం. ఆయన మూడు ప్రశ్నలు వేశారు. మూడింటికీ సార్ పుస్తకంలోనే జవాబులున్నాయి. నేను చేసింది చదివి చెప్పడమే. ఈ మార్పు చేసినవారి విద్యార్హత ఏమిటని నాలుగో ప్రశ్న వేశారు. దానికి మాత్రం నేను నా సొంత జవాబు ఇచ్చాను. అది ఇక్కడ రాయదగింది కాదు.

గడువుకు రెండు రోజుల ముందు మెహరున్నీసా థీసిస్ ఇచ్చి, విశ్వవిద్యాలయం వారు ముద్ర వేసిన రసీదు ఫొటో నాకు పంపింది. చూడగానే నా చెయ్యి అలవాటుగా దాన్ని సార్ నంబరుకు పంపించింది. పంపాక గాని తెలివి రాలేదు. ఎలా వెనక్కి తీయాలా అని వెతుక్కుంటుండగానే ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. సుగుణమ్మ గారు.

"ఏందమ్మా ఇది, చీటీ మాదిరుండాది. నాకు కన్ను సరిగ్గా ఆనదు."

పొరపాటున పంపానని చెప్పి, ఏమిటో చెప్పాను.

"అయితే ఆ బావుల పిల్ల పని అయిపాయనా?"

"అయిపోయిందమ్మా."

 "రోజూ అన్నం కాడ అదే మాటమ్మా ఆయప్పకు" అన్నారు. "ఆ పిల్ల గడువు ఎన్నాళ్ళుందో యేళ్ళ మీద లెక్కబెడ్తా తినేది. ఆదివారం గూడా లెక్కబెట్టె."

ఇరవై మంది ప్రొఫెసర్లున్న కాలేజీలో, ఆ పిల్లకు ఇంకెన్ని రోజులుందో లెక్కపెట్టుకుంటూ అన్నం తిన్న మనిషి ఆయన ఒక్కరే. ఆయన ఉద్యోగానికి ప్రకటన వేస్తారు, ఎవరో వస్తారు, మాకంటే పెద్ద చదువే చదివి ఉంటారు. మిషన్లు ఆగవు. ఆ లెక్క మాత్రం ఇక ఎవరి వేళ్ళ మీదా లేదు. ఏసురత్నం గారికి నా నమస్సులు.